నాలుగు వైర్లు

ఇంజన్ రోగాన్ని మా ఆయన చెవితోనే కనిపెట్టేవాడు. కృష్ణానగర్ సందులో మాదొక రేకుల షెడ్డు. గ్యాస్ కిట్టు బిగించిన కార్లు బాగుచేయడం ఆయన పని. షూటింగులకు మనుషుల్ని తిప్పే డ్రైవర్లు, ఇంజన్ తడబడి బండి మిస్సింగ్ కొడుతోందంటే ముందు మా దగ్గరికే వస్తారు. గ్యాస్ అంటుకోవడానికి పెట్రోల్ కంటే గట్టి నిప్పురవ్వ కావాలట. ఆ రవ్వ పుట్టించే ప్లగ్గో, దాని వైరో కాస్త నీరసించిందా, పెట్రోల్ మీద పరిగెత్తే బండే గ్యాస్ మీద దగ్గుతుంది. కట్టుకున్న పాపానికి ఇవన్నీ నాకూ వచ్చేశాయి.

ఈ మధ్య ఆయన నా మాట వినిపించుకోవడం మానేశాడు. పెళ్ళాం మాట ఏ మొగుడికి వినబడుతుందిలే అని మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత మా టీవీ మోత పక్కింటిదాకా పోయింది. నాకు భయమేసింది. దవాఖానకు పోదాం పా అంటే కస్సుమన్నాడు.

"నా చెవికేమైందే? గీ చెవితోనే గదా ఇల్లు నడుస్తుంది!"

అదే కదా నా ఏడుపు! ఆ చెవి పోతే ఈ మనిషికి ఇంకేం మిగులుతుంది?

మొన్న పొద్దున ఒక డ్రైవర్ వచ్చాడు. "అన్నా, ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కుతుంటే గ్యాస్ మీద ఒకటే మిస్సింగ్. మేకప్ వాళ్ళు దిగి నడిచిండ్రు" అని గట్టిగా మొత్తుకున్నాడు.

ఆయన బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగానే ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే పీకి చూడటం మొదలుపెట్టాడు. ఆయన పద్ధతి అదే. మంచి వైరు పీకితే ఇంజన్ శబ్దం పడిపోతుంది. ఏ వైరు పీకినా పడదో, చచ్చింది అదన్నమాట.

మొదటిది పీకాడు. ఇంజన్ గుడగుడమని కుంగింది. నాకు కూడా స్పష్టంగా వినబడింది.

"మారలే. గిదే పోయింది" అన్నాడు.

దాన్ని తిరిగి పెట్టేసి, ఎందుకైనా మంచిదని రెండోది పీకాడు. "గిది గూడ మారలే." మూడోది పీకినా అదే మాట. నాలుగోదానికీ అదే. డ్రైవర్ నా మొహం చూశాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. నాలుగూ పోతే బండి నడవనే నడవదు, అది ఆయనకొకరు చెప్పాలా? అరచెయ్యి ఇంజన్ మీద పెట్టి చూశాడు. ఇంజన్ అదురుతూనే ఉంది. దేవుడా, ఆ మొహం పగవాడికి కూడా వద్దు.

"ఏమే, నేను పీకుతా. శబ్దం మారితే తలూపు" అన్నాడు చివరికి.

మళ్ళీ మొదటినుంచి పీకాడు. మూడోదానికి నేను తలూపలేదు. దానికి కొత్త వైరు వేశాడు. డ్రైవర్ లోపల కూర్చుని ఇంజన్ రేజ్ చేశాడు.

"సాఫ్ అయిందా?" అని మా ఆయన నన్నడిగాడు.

అయిందన్నాను.

"ఏందీ?"

"అయింది! సాఫ్ అయింది!" అని గొంతు చించుకుని అరిచాను. సందులో వాళ్ళందరూ మా వైపు తిరిగారు. ఆయన మాత్రం ఇంకా నా నోటివైపే చూస్తున్నాడు.