ఒంటె వెనక భాగానికి ఒక ప్లేటు

2005లో నన్ను కువైట్‌లోని దజీజ్‌లో, నేను ఏళ్లుగా పనిచేస్తున్న ప్రింటింగ్ ప్రెస్‌లోనే ప్లేట్ల విభాగానికి ఇన్‌చార్జిగా వేశారు. ఆఫ్‌సెట్ ముద్రణలో బొమ్మా అక్షరమూ నేరుగా కాగితం మీదికి రావు. ముందు ఫిల్ము తీస్తాం, ఫిల్ము నుంచి అల్యూమినియం ప్లేటు చేస్తాం, ఆ ప్లేటు మెషీనెక్కుతుంది. రంగుల పనికి నీలం, గులాబి, పసుపు, నలుపు అని నాలుగు ప్లేట్లు కావాలి. మా ప్రెస్‌లో అచ్చయ్యేవన్నీ అరబిక్ పనులే. హోటళ్ల మెనూలు, క్యాలెండర్లు, బడి పుస్తకాలు. అక్కడ నేను చేసిన ఒకే ఒక్క తెలుగు పుస్తకం గురించి ఇది.

కరుణ అనే నర్సు ఆ పుస్తకాన్ని నా దగ్గరికి తెచ్చింది. ఆమెది రాజోలు దగ్గర పల్లె. శుక్రవారం ప్రార్థన అయ్యాక చర్చి హాల్లో ఒక గంటసేపు పిల్లలకు తెలుగు చెప్పేది. కువైట్‌లో పుట్టిన పిల్లలు ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడతారు, బళ్లో ఇంగ్లీషూ అరబిక్కూ చదువుతారు, తెలుగు అక్షరం చూస్తే మాత్రం మొహం తిప్పుకుంటారు. ఊరి నుంచి తెప్పించిన వాచకాలు వాళ్లకు ఎక్కలేదు. హాలు చూసుకునే కమిటీ పెద్దలు విసిగిపోయారు. వార్షికోత్సవం నాటికి పిల్లలు నలుగురి ముందు నిలబడి చదవకపోతే ఆ గంట కీబోర్డు క్లాసుకు ఇచ్చేస్తామన్నారు.

"నవ్వొచ్చే పుస్తకం ఉంటే చదువుతారండి రావుగారూ. లేదు కాబట్టి నేనే రాసేశానండి," అని కాగితాలు నా బల్ల మీద పెట్టింది.

చదివాను. ఒంటె మామ కథ. ఎక్కడా ఒక్క వత్తు లేదు. అప్పుడే గుణింతాలు నేర్చిన పిల్లలు వత్తు దగ్గర ఆగిపోతారని, వత్తు లేని మాటలతోనే కథంతా నడిపింది.

ఒంటె మామ కారు కొనె,
కారు చూసి పాట పాడె.
తోక దూరె, కాలు దూరె,
తల మరి ఏది? ఎటు పోయె?

పేజీ తిప్పితే జవాబు.

తల పోయి మేడ మీద
కిటికి లోన తొంగి చూసె!

ఆ కిటికీ లోపల ఆవకాయ జాడీ ఉంటుంది. ఒంటె మామ నాకి చూస్తాడు. మళ్లీ పేజీ తిప్పితే చెవుల్లోంచి పొగలు, మూతి మీద మంట, కారొదిలేసి పరుగు. నేను బల్ల దగ్గర ఒక్కణ్నే పైకి నవ్వాను. కంపోజింగ్ వాళ్లు తలలెత్తి చూశారు.

బొమ్మలు ఓబులేసు వేశాడు. రాయచోటి మనిషి, సల్వాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. ఊళ్లో ఉన్నప్పుడు లారీల వెనక బొమ్మలు వేసేవాడు. ఒంటెను కూర్చోబెట్టిన కారు అచ్చం తన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, కారే. ఎవరైనా గుర్తుపడితే ఎలాగని అడిగితే, "రంగు మార్సినా కదన్నా. ఆయప్ప కారు తెలుపు, ఇది ఎరుపు," అన్నాడు.

మా మేనేజరును అడిగాను. రంజాన్ క్యాలెండర్ల పని మీద పడి ఉంది. గురువారం రెండు పెద్ద పనుల మధ్య మెషీను ఖాళీ ఉంటుందని, ఆ సందులో అయితే సరేనని, దాటితే మెషీను ఆగదని చెప్పారు. వార్షికోత్సవం ఆ మర్నాడే.

నాకు అసలు భయం ఒకటే. అరబిక్ పుస్తకం కుడి నుంచి తెరుచుకుంటుంది, తెలుగు పుస్తకం ఎడమ నుంచి. ఒక పెద్ద షీటు మీద ఏ పేజీ ఎక్కడ పడాలో, మడత పెట్టాక వరస ఎలా రావాలో ముందే లెక్క చూసి అమర్చడాన్ని ఇంపోజిషన్ అంటారు. ఏళ్ల తరబడి కుడి లెక్కకు అలవాటైన చెయ్యి నాది. అందుకని తెల్లకాగితం మడిచి, అంకెలు వేసి, ఫిల్ము ముక్కలు స్వయంగా అతికించాను. ఈ పుస్తకానికి పేజీ వరసే ప్రాణం. పొగ ముందొచ్చి ఆవకాయ తర్వాతొస్తే ఎవరూ నవ్వరు.

గురువారం మధ్యాహ్నం లోపలి పేజీలు అచ్చయ్యాయి. వరస తప్పలేదు. ఒక ప్రతిని మడిచి, విడిగా తీసిన అట్ట ప్రూఫు తొడిగి, బైండింగు పెద్ద అబూ హానీకి ఇచ్చాను. ఈజిప్టు మనిషి, మితభాషి. ఆయన అలవాటు కొద్దీ పుస్తకాన్ని వెనక నుంచి తెరిచాడు. మంటతో పరిగెత్తే ఒంటె, తర్వాత జాడీ, తర్వాత కిటికీ, చివరికి కారు. ఒంటికి నిప్పంటుకున్న ఒంటె ఊరగాయ తిని చల్లబడి కారు కొనుక్కుందా అని అరబిక్‌లో అడిగాడు, మొహంలో నవ్వు లేకుండా.

ఆయన పొరపాటు ఏమీ లేదు. ఆయన చెయ్యి అటే వెళుతుంది. మరి రేపు పుస్తకం పట్టుకునే పిల్లలు? వాళ్లూ రోజూ బళ్లో అరబిక్ పుస్తకం కుడి నుంచి తెరిచేవాళ్లే. వెంటనే కరుణకు ఫోను చేశాను. ఆమె వార్డులో ఉంది, గొంతు తగ్గించి మాట్లాడింది.

"నిజవేనండి. మా క్లాసులో స్టెల్లా అయితే ఏ పుస్తకమిచ్చినా ఎనకనించే తీస్తదండి. అయితే ఎలాగండి ఇప్పుడు?"

వెనక అట్ట ఖాళీ పసుపు రంగు. అట్ట ఇంకా మెషీనెక్కలేదు. అక్కడ ఏదైనా వేసి పిల్లల్ని ముందు అట్ట వైపు మళ్లించవచ్చని నాకు ఆ క్షణంలో తట్టింది. పసుపు మీద నల్లగీతల బొమ్మ అయితే మిగతా మూడు ప్లేట్ల జోలికి వెళ్లనక్కర్లేదు, నలుపు ప్లేటు ఒక్కటి మార్చితే చాలు. అదే చెబితే, ఏం వెయ్యాలి అంది కరుణ. వెనక భాగం కాబట్టి ఒంటె వెనక భాగమే అన్నాను. ఫోనులో ఆమె నవ్వు ఆపుకోలేకపోవడం వినిపించింది. కాసేపటికి, "రాసుకోండి రావుగారూ," అని రెండు పంక్తులు చెప్పింది.

ఇది తోక, లాగకు.
తల అటు, ఆగకు.

ఇక్కడా వత్తు లేదు. చెవికి ఫోను ఆనించుకునే కంపోజ్ చేశాను.

ఓబులేసుకు ఫోను చేస్తే, యజమాని పిల్లల్ని ట్యూషన్ నుంచి ఇంట్లో దింపి నేరుగా వచ్చాడు. కారు బయట పెట్టి, నిలబడే గీయడం మొదలుపెట్టాడు. తోక సగంలో ఉండగా ఫోను మోగింది. "మామా పిలుస్తాండాది అన్నా. సరుకులకు జమియాకు పోవల్లంట." ఫోనులో "వస్తాండా మామా, దోవలో ఉండా," అని ఆ ఇంటి యజమానురాలికి వచ్చీరాని అరబిక్‌లో చెప్పి, ఒక్క గీతలో కుచ్చు పూర్తిచేసి, పెన్ను బల్ల మీద వదిలి పరిగెత్తాడు. ఆ తొందరలో వేసిన తోకే పుస్తకమంతటిలో మంచి బొమ్మ.

ఫిల్ము తీసి ప్లేటు కడిగి తెచ్చేసరికి మెషీన్‌మన్ పసుపు, గులాబి, నీలం ప్లేట్లు ఎక్కించి ఉన్నాడు. క్యాలెండరు కాగితం పక్కన దొంతరగా సిద్ధంగా ఉంది. టైమైపోయిందని, ఖలాస్ అని చెయ్యి ఊపాడు. నేను నోరు తెరిచేలోపు అబూ హానీ నా చేతిలోంచి ప్లేటు తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. చూసి, అంతవరకూ నేనెప్పుడూ వినని పెద్ద నవ్వు నవ్వాడు. మెషీన్‌మన్‌కూ చూపించాడు. ఈ తోక అచ్చయ్యేదాకా తన విభాగంలో ఒక్క క్యాలెండరూ మడవనన్నాడు. "యల్లా, కానిద్దాం," అని మెషీన్‌మన్ ప్లేటు బిగించాడు.

మర్నాడు హాలు నిండిపోయింది. కమిటీ పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. కరుణ డ్యూటీ దిగి తిన్నగా వచ్చింది, పక్కనే ఓబులేసు, వెనకాల నేను. రాత్రికి రాత్రే బైండింగు చేసిన పుస్తకాలు పంచారు. మొదట పిలిచింది స్టెల్లానే. ఆరేళ్ల పిల్ల. అంతవరకూ క్లాసులో నోరు విప్పి చదివింది లేదు. కరుణ కావాలనే పిలిచిందని తర్వాత తెలిసింది.

స్టెల్లా పుస్తకాన్ని వెనక వైపే పైకి పెట్టి పట్టుకుంది. ఒంటె పిరుదులు కనబడ్డాయి. కళ్లు పెద్దవయ్యాయి. "ఇ-ది తో-క," అని కూడబలుక్కుని, "లాగకు," అని ఒక్కసారిగా అనేసి కిసుక్కున నవ్వింది. కింది పంక్తి చదివింది, పుస్తకం తిరగేసింది. "ఒంటె మామ కారు కొనె," అంటూ మొదలుపెట్టింది. పేజీ తిప్పే ముందు తనంతట తనే ఆగి, "తల మరి ఏది? ఎటు పోయె?" అని హాలు వైపు చూసింది. పిల్లలందరూ కిటికీ, కిటికీ అని అరిచారు. ఆవకాయ దగ్గరికొచ్చేసరికి కమిటీ పెద్దాయన కూడా ముందుకు వంగి పక్క పిల్లాడి పుస్తకంలోకి చూస్తున్నాడు.

శుక్రవారం గంట తెలుగుకే ఉంది. కీబోర్డు క్లాసుకు సాయంత్రం ఇచ్చారు.

ముద్రణలో ప్రూఫు దిద్దడమంటే అక్షర దోషాలు, రంగు తేడాలు, పేజీ వరస చూడటమని నేర్చుకున్నాను. అవన్నీ సరిగ్గా ఉన్న పుస్తకం కూడా చేతిలో తలకిందులు కావచ్చని ఆ గురువారం తెలిసింది. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా ప్రతి పుస్తకం ప్రూఫునూ భాష తెలిసినవాళ్లతో చదివించాను. ఆ భాష రాని ఒకరి చేతికి కూడా ఇచ్చి, ఏ వైపు తెరుస్తారో పక్కన నిలబడి చూశాను.