మాత్రల డబ్బాకు ఎర్ర ట్యాగు

కూచో అమ్మడూ, సరిగ్గా విని రాయి. ఈ హిందీ ఊళ్లో పెరిగాను కదా అని హిందీలో రాసుకుని తర్వాత తెలుగు చేస్తానంటే ఒప్పుకోను.

మీ తాతయ్య స్టీలు ప్లాంటులో ఆఫీసరుగా రిటైరయ్యారు. ఆయన నోట టన్నుకి తక్కువ మాట రాదు. మెగా అంటే పది లక్షలు, గిగా అంటే వంద కోట్లు అని రుఆబాంధా పార్కులో తోటి రిటైరైనవాళ్లకు రోజూ పాఠం చెబుతారు. మిల్లీ, మైక్రో, నానోలను మాత్రం కింది ఉద్యోగులను చూసినట్టు చూస్తారు.

ఒకరోజు కళ్లజోడు పెట్టుకుని నా థైరాయిడ్ మాత్రల షీటు చదివారు. చీటీలో డాక్టరమ్మ 0.05 మిల్లీగ్రాములని రాసింది. షీటు మీద 50 మైక్రోగ్రాములని ఉంది.

"ఏటే ఇది? సున్నా పాయింటు సున్నా అయిదెక్కడ, యాభయ్యెక్కడ? వెయ్యి రెట్లు మింగేస్తన్నావు."

"మైక్రో అని ఉంది కదండీ."

"మిల్లీయో మైక్రోయో, రెండూ చిన్నవే. అంకె చూడు నువ్వు."

అంతటితో ఊరుకున్నారా? ప్లాంటులో యంత్రం లోపల మనిషి పనిచేస్తుంటే స్విచ్చికి ఎర్ర ట్యాగు కడతారు. కట్టినవాడే విప్పాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. అలాంటి ట్యాగొకటి అల్మారాలోంచి తీసి నా మాత్రల డబ్బాకు కట్టారు. నేను విప్పలేదు. ఫర్నేసు దగ్గర పనిచేసినన్నాళ్లూ ఆయన ప్రాణం అలాంటి అట్టముక్క మీదే ఆధారపడింది మరి, చెయ్యి రాలేదు.

కొన్నాళ్లకే కాళ్లు బరువెక్కాయి, ముఖం ఉబ్బింది. చపాతీ పిండి కలుపుతూ కునికిపాట్లు పడ్డాను. చివరికి మీ నాన్న మా ఇద్దర్నీ వైశాలి నగర్‌లో డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాడు.

"అంకుల్‌జీ, మిల్లీని వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క మైక్రో. చీటీ, షీటూ ఒకటే చెబుతున్నాయి. మందు ఎవరు ఆపమన్నారు?" అందావిడ.

గిగాలు చెప్పే మనిషి సీలింగు ఫ్యానుకేసి చూశారు.

ఇంటికొచ్చి ట్యాగు ఆయనే విప్పారు. నేను దాన్ని పారేయనివ్వలేదు. తీసుకెళ్లి ఆవకాయ జాడీ మెడకు కట్టాను.

"ఇదేటి?" అన్నారు.

"ఇందులో ఉప్పు మిల్లీయో మైక్రోయో తేలాలి. అంతవరకూ షట్‌డౌన్," అన్నాను.

రూలు ఆయనదే, విప్పలేరు. నిన్నటి నుంచీ నేను వడ్డించిన ఉత్త పప్పన్నం తింటూ, ఎప్పుడు విప్పుతానా అని నా చేతులకేసి చూస్తున్నారు. నేనూ తొందరపడను. పొరపాటు నాది అనే మాట ఆయన నోట ఇంతవరకూ మైక్రో అంతైనా—

"ఏటే, వడ్డించేసేను, రావే. వస్తా వస్తా ఆ జాడీ కూడా పట్టుకురా."