బిషప్ అన్న వేసిన ముడి

నా చిన్నప్పుడు పక్కింటి అన్నను చూస్తే చాలు, కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని. భివండిలో, పద్మనగర్‌లో మా తాతయ్యకు చిన్న మరమగ్గాల కార్ఖానా ఉండేది. మరమగ్గాలను మేము సాంచెలు అంటాం. అన్న వాళ్ళది మా చాలీలోనే, అంటే ఆ వరుస గదుల ఇంట్లోనే, గోడ పక్క గది. ఆదివారం ఆంగ్లికన్ చర్చికి వెళ్ళేవాడు. మిగతా రోజుల్లో బడి వదలగానే వచ్చి మా తాతయ్య పక్కన చేరేవాడు. సొంత మనవరాలిని నేనుండగా ఆ చోటు పరాయివాడికెందుకు? నా ఏడుపంతా అదే.

సాంచె మీద నూలు అయిపోతే పోగులు చుట్టిన కొత్త బీము ఎక్కించి, పాత పోగుల కొసలకు కొత్త కొసలు ఒక్కొక్కటే ముడివేయాలి. ఆ పనికి తాతయ్య అన్ననే పిలిచేవాడు. అన్న వేసిన ముడి ఊడదని వాడంతా చెప్పుకునేవారు. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

అన్న పాస్టరు చదువుకు వెళ్ళిపోయే ముందు రోజు కొత్త బీము వచ్చింది. నేను పట్టుబట్టాను. "ఎప్పుడు అన్ననేనా తాతా? నేను గూడ ముడేస్త!" తాతయ్య నవ్వి ఎడమ సగం నాకు, కుడి సగం అన్నకు అప్పగించాడు. ముందు నేనే ముగించాలని గబగబా చుట్టేశాను. సాంచె నడిపించగానే నా వైపు పోగులు ఊడిపోయాయి. పనివాళ్ళంతా ఒకటే నవ్వు. నాకు ఏడుపు ఆగలేదు.

అన్న చూసొస్తానని సాంచె వెనక్కి వెళ్ళాడు. మళ్ళీ నడిపిస్తే ఈసారి అతని వైపు పోగులూ రాలిపోయాయి. "అరె, పాస్టర్ సాబ్ ముడి గూడ నిలుస్తలేదు!" అని నవ్వులు అటు మళ్ళాయి. నా కడుపు చల్లబడింది.

సాయంత్రం తాతయ్య నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. "వాని ముడి ఊడలే బిడ్డా. నువ్వు ఏడుస్తున్నవని వాడే ఇప్పిండు, నా కండ్లతోని చూసిన. ఎవలకు చెప్పకు." నాకు సిగ్గు వేయాలి కదా, వేయలేదు. ఇంకా కుళ్ళుకున్నాను. ఇందులోనూ అతనే గెలిచాడే!

ఆ వెక్కిరింత అన్నను వదల్లేదు. డీకన్ అయినా, పల్లెల్లో పాస్టరుగా తిరిగినా, "ముడి నిలవకనే పాస్టరు పనికి పోయిండు" అనేవారు మావాళ్ళు. చివరికి బిషప్ అయ్యాడు. ఆ వేడుకకు పద్మనగర్ నుంచి మేమంతా బస్సులో వెళ్ళాం. పొడవాటి టోపీ, చేతికర్ర, పట్టు అంగీ. జనం వంగి ఆయన చెయ్యి కళ్ళకద్దుకున్నారు. భోజనాల దగ్గర మా పాత పనివాడొకాయన మళ్ళీ ఆ ముడి సంగతే ఎత్తాడు.

అన్న గట్టిగా నవ్వి నా వైపు తిరిగాడు. "అవునే చెల్లె, గా దినం ముందుగాల నా పోగులే ఊడినై గదా?"

బిషప్ అయ్యుండి, అంతమంది ముందు పచ్చి అబద్ధం! నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. చివరికి అవునని తలూపాను. ఆ ముడి తనే విప్పాడని నాకు తెలుసన్న సంగతి ఆయనకు ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు నా మనవరాలు రొట్టె మాడిస్తే, నేనూ ఒకటి మాడ్చేస్తాను. "ముసల్దానికి కండ్లు కనిపిస్తలేవు" అని ఇంటిల్లిపాదీ నవ్వుతారు. ఒక్క పూట నవ్వే నాకు చురుక్కుమంటుంది. బతుకంతా ఆ నవ్వును మోస్తూ తిరిగాడు కదా అన్న. ఆయన్ని తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు కుళ్ళే.