తెలియదని చెప్పిన ఉపదేశి

ఆత్మకూరులో మా ఉపదేశి అయ్యగారు పోయారు. ఆ కబురు రెండు రోజులు ఆలస్యంగా, ఆత్మకూరు నుంచి వచ్చి ఉదయగిరిలో బస్సు దిగిన ఒక తెలిసినాయన నోట విన్నాను. అప్పటికే సమాధి చేసేశారట. ఎంతమంది వచ్చారని అడిగాను. ఆయన కాస్త ఆలోచించి, "మోసేదానికి సరిపోయినాం లేమ్మా" అన్నాడు.

ఒకప్పుడు ఆయన మాట వినడానికి జలదంకి నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లంటే ఇప్పుడెవరూ నమ్మరు.

ప్రపంచయుద్ధం ముగిసి రెండేళ్లయిన రోజులవి. ఉదయగిరి కొండ కింద మా బడిలో నేను చిన్నపిల్లలకు అక్షరాలు చెప్పేదాన్ని. ఆదివారం ఆ గదిలోనే ఆరాధన. పాస్టరుగారు ఎప్పుడో ఒకసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు వాక్యం చెప్పడం ఉపదేశి అయ్యగారి పని. భార్య పోయింది, పిల్లలు లేరు. బైబిలు చివరి పుస్తకంలోని వింత రూపాలంటే ఆయనకు ప్రాణం. ముతక గుడ్డ మీద తనే రంగులు వేసి ఏడు తలల మృగాన్ని, నాలుగు గుర్రాలను, సూర్యుణ్ణి వస్త్రంలా ధరించిన స్త్రీని గీశారు. మృగం కొమ్ముల కింద దేశాల పేర్లు రాసి, ఒక్కొక్కదాన్నే బెత్తంతో తాకుతూ, "నాలుగో ఏడు దాటదు ఈ లోకం" అనేవారు. వానలు తప్పినప్పుడు, కరువు తెచ్చే నల్లగుర్రం మన చేలల్లోకే వచ్చిందన్నారు. ఎండిన జొన్నచేల మధ్య నుంచి నడిచి వచ్చినవాళ్లు ఎట్లా నమ్మకుండా ఉంటారు?

నేనూ నమ్మాను. అప్పుడే నాకొక సంబంధం వచ్చింది. అబ్బాయి బడిపంతులు, నెమ్మదస్తుడు. నాయనకు నచ్చాడు, నాకూ నచ్చాడు. అయినా అయ్యగారిని అడగకుండా ఉండలేకపోయాను.

"నాలుగేళ్లు గూడా లేదే అమ్మా, ఇప్పుడు పెళ్లేంది?" అన్నారాయన.

నాయనకు వద్దని చెప్పేశాను. ఆ అబ్బాయి మరో పిల్లను చేసుకున్నాడు.

నాలుగో ఏడు వచ్చింది, పోయింది. మామూలుగానే వానపడింది, మామూలుగానే జనం దుక్కులు దున్నుకున్నారు. ఆ తర్వాతి ఆదివారం అయ్యగారు బెత్తం లేకుండా వచ్చి, గోడకున్న గుడ్డను దింపి మడిచి పక్కన పెట్టారు.

"నేను చెప్పింది తప్పు. గడువు పెట్టేదానికి నేనెవర్ని?" అన్నారు.

వెనక నుంచి ఒక పెద్దరైతు లేచాడు. "అయితే ఆ మృగం ఎవరయ్యా?"

"తెలవదు."

"కొమ్ములో?"

"అవీ తెలవదు."

"తెలవనోడివి ఇన్నేళ్లు మాకేం చెప్పినట్టు?"

ఎవరో నవ్వారు. నెల తిరిగేసరికి ఆరాధనకు ఆరుగురం మిగిలాం. తప్పు చెప్పినన్నాళ్లూ గది నిండా జనం. నిజం చెప్పాక ఎవరూ లేరు.

తప్పు ఒప్పుకున్న ఆ ఆదివారమే మధ్యాహ్నం ఆయన మా ఇంటికొచ్చి గడప బయటే నిలబడ్డారు. "నీ పెళ్లి నేను చెడగొట్టినానమ్మా" అన్నారు. క్షమించమని కూడా అడగలేదు. నేను "వెళ్లి రండి" అని లోపలికి వెళ్లిపోయాను. ఏడాది పాటు ఆదివారం ఆదివారం అదే గదిలో ఆయన ఎదుట కూర్చుంటూ కూడా ఆయనతో మాట్లాడలేదు. తర్వాత సంఘ పెద్దలు ఆయన్ను ఆత్మకూరుకు మార్చారు.

నాయన పోయాక ఇంట్లో నా అడుగుల చప్పుడే నాకు వినిపించేది. ఒక శనివారం ఎందుకో ఆత్మకూరు బస్సెక్కాను. నన్ను చూసి అయ్యగారు ఆశ్చర్యపోలేదు. "అన్నం తిన్నావా?" అన్నారు. ఆయన వండిన అన్నం, పచ్చిపులుసు తింటూ, ఉన్నట్టుండి అడిగాను: "ఆ సూర్యుణ్ణి ధరించిన ఆమె ఎవరయ్యా?"

"అందురూ ఒకో రకంగా చెప్తారు. నాకు తెలవదు. ఆమె అడివిలోకి పారిపోయింది, ఆడ ఆమెకు తిండి దొరికింది. అంతవరకు తెలుసు" అని, నా కంచంలో మరికాస్త అన్నం వడ్డించారు. "ఇవి ఎప్పుడేం జరగతాదో లెక్క కట్టేదానికి రాసింది కాదమ్మా. దిక్కులేకుండా ఉండేవాళ్లకు ధైర్యం చెప్పేదానికి రాసినారు. అది నాకు ఆలస్యంగా తెలిసొచ్చింది."

ఆ తర్వాత తరచుగా శనివారాలు వెళ్లి, సాయంత్రానికి తిరిగి వచ్చేదాన్ని.

ఇంకో సంగతి చెప్పకపోతే ఇది రాయడమే దండగ. మూడేళ్ల కిందట ఆత్మకూరుకు ఎక్కడి నుంచో ఒక బోధకుడు వచ్చి, పందిరి వేయించి, అవే రూపాలకు కొత్త పేర్లు పెట్టి, కొత్త గడువు చెప్పాడు. పందిరి నిండా జనం. అయ్యగారు లేచి నిలబడ్డారు.

"నేనూ ఇట్నే చెప్పినాను నాయనా. నా మాట విని ఒక బిడ్డ..." అని ఆగిపోయారు. నా వైపు చూడలేదు.

"కూచో ముసలాయనా!" అని నలుగురైదుగురు అరిచారు. ఆయన జనం మధ్య నుంచి మెల్లగా బయటికి నడిచారు. ఆడవాళ్లలో మూడో వరుసలో కూర్చుని ఉన్నాను నేను. ఆ బిడ్డను నేనేనని ఒక్క మాట అంటే చాలు. లేవలేకపోయాను.

తర్వాత ఆయన ఇంటికి వెళ్లి ఏడిస్తే ఆయన అన్నారు: "పోనీలే. లేచుంటే అందురూ నిన్ను జాలిగా చూసుందురు. అది నేను చూడలేను."

కబురు విన్న మర్నాడు ఆత్మకూరు వెళ్లాను. తాళంచెవి పక్కింటి అవ్వ దగ్గర ఉంది. సరుకుల అంగడివాళ్ల అవ్వ, నుదుట విభూతి. తలుపు తీసింది. గదిలో పదిమందికి సరిపడే చాప పరిచి ఉంది.

"ఆదివారం ఆదివారం ఇట్నే పరిచేవాడమ్మా. ఎవురూ వచ్చేవాళ్లు కాదు. ఒక్కడే కూచోని చదవతా ఉంటే చూడలేక నేనే వచ్చి కూచునేదాన్ని."

"ఏం చదివేవారు అవ్వా?"

"గుర్రాలంట, మృగాలంట. నాకేం తెలస్తాది? ఏంది సామీ అదని అడిగితే, నాకూ తెలవదు అవ్వా, అనేవాడు."

తను ఎక్కడ కూర్చునేదో చూపించడానికి అవ్వ చాప చివరకు వెళ్లి, మోకాలు పట్టుకుని మెల్లగా కూలబడింది. కొంగు తల మీదికి లాక్కుంది. ఎదురుగా అయ్యగారు కూర్చునే ఖాళీ పీట వైపు ముఖం తిప్పి, ఎవరో చదవడం మొదలుపెడతారన్నట్టు, అట్లాగే కూర్చుండిపోయింది.