సుడి మధ్యలో చుక్క

“భూమి తిరుగుతుంది కదా తాతమ్మా, అందుకే తుఫాను గాలి తిన్నగా రాదు, వంగి సుడి తిరుగుతుంది,” అంటూ ఇవాళ మునిమనవరాలు ఫోన్‌లో బొమ్మ చూపించింది.

నా ఈడువాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే, కొల్లేట్లో నీచువాసన వేసే తాటిదోనెలు గుర్తున్నాయా అండీ? 1930ల్లో, నాకు ఏడేళ్లప్పుడు, ఈశాన్యపు గాలి మా పాకను పొద్దుటంతా ఊపి ఒక్కసారిగా ఆగింది. “తగ్గిపోయిందిలే, వలలు తెచ్చేస్తాను,” అని అమ్మతో చెప్పి నాన్న దోనె తోశాడు. కాసేపటికి అదే గాలి నైరుతి నుంచి వచ్చిపడింది. మర్నాడు దోనె ఒక్కటే దొరికింది. అమ్మ ఏడవలేదు, దాన్ని గట్టున బోర్లించింది.

పాప సుడి మధ్యలోని చుక్క మీద వేలు పెట్టి, “ఇక్కడ గాలే ఉండదు తాతమ్మా,” అంది.

“తెలుసమ్మా. నాన్న అక్కణ్ణుంచే వెళ్లాడు,” అన్నాను.