ఒక్క రొట్టె

"కొడుకు పుట్టకముందు తండ్రి ఒక్కడే ఉన్నాడా, లేదా? సెప్పన్నా."

"దేవుడి పుట్టుక మన ఇంట్లో పుట్టుకలాగుంటాదేటిరా? ఫోన్లో ఎవడో వాగితే నమ్మేసేవు."

"తండ్రీ కొడుకూ ఆత్మా ముగ్గురూ ఒకటే అన్న మీ లెక్క కొలాయి కాడ సెప్పు, బిందె లాగేస్తారు."

"అయితే రేపు బల్ల కాడికి రాకు. కుమారుణ్ణి తక్కువ సేసినోడితో నేను రొట్టె పంచుకోను."

"నీ పక్కన తినాలని నాకూ లేదులే."

మొన్న శనివారం సాయంత్రం, రాయగడలో మా వసారాలో, నా ఇద్దరు కొడుకులూ అనుకున్న మాటలివి. మర్నాడు గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకి నేను కిస్మిస్ ఉడికించి రసం పిండుతున్నాను. వాళ్ళ నాన్న పోయేక వేరు కాపురాలు పెట్టుకున్నా, నెలకోసారి నేను కాల్చిన రొట్టె దగ్గరైనా ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవారు. ఇప్పుడు అదీ పోతుందని తెలిసి ఏడుపు రాలేదు, రోత పుట్టింది.

కోరాపుట్ కాలేజీలో చరిత్ర చదివే మనవరాలు, ఇది కొత్త తగువు కాదు నానమ్మా, అంది. రోము రాజుల కాలంలో ఒక సంఘ పెద్ద, కుమారుణ్ణి తండ్రే చేశాడన్నాడట, మిగతా పెద్దలు కాదన్నారట, రాజు అందరినీ పిలిపించి ఒక మాట రాయించి, ఒప్పుకోనివాళ్ళని దేశం దాటించేడట. ఆ తర్వాత కూడా బజారులో రొట్టె ధర అడిగితే తండ్రే గొప్పని చెప్పేవారట. ధర చెప్పనివాడి దగ్గర నేనైతే కొనను. అన్నేళ్ళ కిందటి పాచికూడు నా పిల్లలు మళ్ళీ వెచ్చబెట్టుకు తింటున్నారు.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పుడు గుడంటే పెంకుల పాక, చాప, స్టీలు గ్లాసు. మా అమ్మ పొదుపుగా పిండి కలిపి ఒక్కటే పెద్ద రొట్టె కాల్చేది, అదే నలభై మందికి సరిపోయేది. ఒకసారి కొలాయి దగ్గర బిందె వరసకి అమ్మా పిన్నీ జుట్లు పట్టుకున్నారు, ఆ ఆదివారం పాస్టరు అయ్యగారు తగువు తీరేదాకా బల్ల లేదన్నట్టు రొట్టె పళ్ళేన్ని ఇద్దరి ముందు నుంచీ దాటించేసేరు, అమ్మ చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి, మర్నాడు తెల్లారగట్ల చూస్తే ఇద్దరూ ఒకే బిందెని చెరో పక్కా పట్టుకుని మోసుకొస్తున్నారు.

రెండో తరగతితో బడి మానేసిన నేను గుడిలో అందరూ కలిసి చెప్పే విశ్వాస ప్రమాణం కంఠతా పట్టి, పాటలా అప్పజెప్పేదాన్ని. అందులో ప్రతి మాట వెనకా ఒక కొట్లాట ఉందని, ఒకణ్ణి ఊరు వెళ్ళగొట్టేరని అప్పుడు తెలిసుంటే నోరు పెగిలేది కాదేమో. మన తగువులు నీళ్ళ గురించి, నీళ్ళొస్తే తీరిపోయేవి. దేవుడి గురించి పెట్టుకున్న తగువు ఏ కొలాయి తిప్పితే తీరుతుంది?

తెల్లారి ఒక్క రొట్టే కాల్చి గుడికి పట్టుకెళ్ళేను. చిన్నోడు రాలేదు. పెద్దోడు ముక్క అందుకున్నాడు. పళ్ళెం నా ముందుకొస్తే, ఆనాటి మా అమ్మలా చేతులు ఒళ్ళోనే ఉంచుకున్నాను. అయ్యగారు కాసేపు ఆగి, పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోయేరు. పెద్దోడు చేతిలో ముక్క పట్టుకుని నా వైపు చూసేడు. తర్వాత తినేసేడు.