అంజూరపు చెట్టని చెప్పి కయీనును చదివినవాడు

ఎల్ ఓకోతాల్‌లో బైబిల్ వాక్యానికి అర్థం చెప్పే పని పందొమ్మిదేళ్లుగా ఎలియోదోరోది. హోండురాస్ కొండల మీద ఇలాంటి ఊళ్లకు ఫాదర్ రెండు నెలలకోసారి వస్తే గొప్ప. మిగతా ఆదివారాలు చర్చి తలుపు తీసి, వాక్యం చదివి, నాలుగు మాటలు చెప్పే రైతును ప్రతినిధి అంటారు. దానికి జీతం లేదు, బత్తెం లేదు. ఒక చెక్క సిలువ, ఒక తాళంచెవి. ఎలియోదోరో ఆ రెంటినీ ఒకే తాడుకు కట్టి మెడలో వేసుకునేవాడు. స్నానానికి కూడా తీసేవాడు కాదని అతని భార్య కసిమీరా అందరికీ చెప్పి నవ్వేది.

ఇరవై మూడేళ్లొచ్చేదాకా అతనికి అక్షరం ముక్క రాదు. పొరుగింట్లో రేడియో బడి పెడితే, దాని ముందు కూర్చుని, నేల మీద మొక్కజొన్న గింజలు పేర్చి అక్షరాలు నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఏటా రెండుసార్లు పట్నానికి నాలుగు గంటలు నడిచి వెళ్లి, కష్టమైన వాక్యాలకు ఫాదర్లు చెప్పిన అర్థాలన్నీ ఎర్ర అట్ట నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాడు. ఊళ్లో ఎవరైనా "యేసు అలా ఎందుకన్నాడు దోన్ ఎలియో?" అని గౌరవంగా అడిగితే చాలు, వేలు తడిచేసుకుని పేజీ తిప్పి చదివేవాడు. జనం తలలూపేవాళ్లు. కొందరు అలా ఊపుతూ ఊపుతూనే కునుకు తీసేవాళ్లు. పొద్దున్నించీ పొలంలో నడుం వంచినవాళ్లు కదా, పాపం, అని అతను సరిపెట్టుకునేవాడు.

అలాంటి ఊరికి రెండేళ్ల కిందట ఉబాల్దీనా వచ్చింది. భర్త పోయాక చెల్లెలి ఇంట్లో ఉందామని కాఫీ తోటల ప్రాంతం నుంచి వచ్చిన మనిషి. ముందు పళ్లు రెండు లేవు. చదువు అసలే లేదు. పొద్దున్నే లేచి మొక్కజొన్న పిండి రుబ్బి, అరచేతుల మధ్య తట్టి, రొట్టెలు కాల్చి అమ్ముకునేది.

గురువారం సాయంత్రం చర్చిలో పది పదిహేనుమంది కూడి ఒక వాక్యం గురించి మాట్లాడుకోవడం ఆ ఊరి అలవాటు. వచ్చే వారం ఏది చదవబోతున్నారో ఎలియోదోరో ముందే చెప్పి పంపేవాడు, వారమంతా దాన్ని నమలమని. నిజంగా నమిలేవాళ్లు ఒకరో ఇద్దరో. ఉబాల్దీనా ఆ ఒకరిద్దరిలో చేరింది. చదవలేదు గనక విన్నదాన్ని మనసులో పెట్టుకుని, రొట్టెలు తడుతున్నంతసేపూ తిప్పుకునేది.

మొదట్లో అతనికి ఆమె అంటే ముచ్చటగానే ఉండేది. పరాయి దేశపు తల్లి ఒకామె తన బిడ్డను బాగుచేయమని యేసును వేడుకున్న కథ చదివిన రోజుతో ఆ ముచ్చట పోయింది. పిల్లల రొట్టె కుక్కపిల్లలకు వేయడం సబబు కాదని ఆయన ఆమెతో అంటాడు. అంత మాట ఆయన నోట ఎలా వచ్చిందని జనం ఇబ్బందిగా కదిలారు. ఎలియోదోరో నోటుబుక్కు తీసి, ఆయన ఆమె విశ్వాసాన్ని పరీక్షించాడని చదివాడు. ఎప్పటిలాగే తలలూగాయి.

ఉబాల్దీనా గొంతు సవరించుకుంది. "నన్ను కూడా కుక్క అన్నారయ్యా. తోట యజమానురాలి వంటింట్లో. నాకు జవాబు రాక ఏడ్చుకుంటూ బయటికొచ్చేశాను. ఈ తల్లికి జవాబొచ్చింది. కుక్కపిల్లలకైనా కింద పడ్డ ముక్కలు దొరుకుతాయిగా అంది. మరి ఆయనేం చేశాడు? నోర్ముయ్ అన్లేదు. నువ్వే గెలిచావమ్మా పో అన్నాడు. ఆడదాని మాటకి ఓడిపోయి సంతోషపడ్డ మగాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు. అందుకే ఆయన్ని నమ్ముతాను."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఒకామె కళ్లు తుడుచుకుంది. ఆ సాయంత్రం ఒక్కరూ కునుకు తీయలేదు. ఎలియోదోరో కూడా చిరునవ్వు నవ్వాడు గానీ, ఆ నవ్వు అతని మొహానికి అతకలేదు. ఆడదాని మాటకి ఓడి సంతోషపడే మగాళ్లలో తాను లేడని అతనికి అప్పుడే తెలిసింది.

అప్పట్నుంచి మొదలైంది కడుపుమంట. అంత మంట వాక్యం చదివేవాడికి రావచ్చా అంటే, వచ్చింది మరి. ఎవరైనా ప్రశ్న వేస్తే ముందు అతన్ని చూసేవాళ్లు, మర్యాద కోసం. ఆ తర్వాత తలలన్నీ ఉబాల్దీనా వైపు తిరిగేవి. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు పెద్దలు. నేను గింజలు పేర్చుకుని నేర్చుకున్నాను, చెప్పులరిగేలా నడిచాను, వానల్లో శవాలకు ప్రార్థనలు చెప్పాను, ఈవిడ పిండి తడుతూ కూర్చుని అంతా కొట్టేసింది అని లోలోపల కుమిలిపోయేవాడు.

"మొహం ఎందుకలా వేలాడేశావు?" అనేది కసిమీరా, అన్నం కంచం ముందు పెట్టి. మోకాళ్ల నొప్పులతో ఆమె గురువారాలు చర్చికి వెళ్లేది కాదు.

"ఏం లేదు."

"ఏం లేకపోతే కాస్త పైకెత్తు. చిక్కుడు గింజల పులుసులో పడుతోంది."

ఆగస్టులో కొత్త మొక్కజొన్న పండగ దగ్గరపడింది. ఆ రోజు చుట్టుపక్కల ఏడూళ్ల జనం లేత కంకులు మోసుకుని ఎల్ ఓకోతాల్ వస్తారు. జావ కాచి పంచుతారు. ఏడూళ్ల ముందు నిలబడి వాక్యం చెప్పేది పందొమ్మిదేళ్లుగా ఎలియోదోరోనే. ఏడాదంతా అతను ఆ ఒక్క రోజు కోసం బతికేవాడంటే అబద్ధం కాదు. ఈసారి పండగ పెద్ద తిబూర్సియో తాత గురువారం అందరి ముందూ గొంతెత్తాడు.

"ఈ ఏడు ఉబాల్దీనా చేత చెప్పిస్తే ఎలా ఉంటుందంటారు? ఊరికే అడుగుతున్నాలే ఎలియో. వచ్చే గురువారం తేల్చుకుందాం."

ఎలియోదోరోకి తల కొట్టేసినట్టయింది. అయినా పైకి మామూలుగా, వచ్చే వారం అంజూరపు చెట్టు వాక్యం అని చెప్పాడు. కాయల కాలం కాకపోయినా కాయలు లేవని యేసు చెట్టును శపించిన కథ. ఉబాల్దీనా అప్పుడే కళ్లు మూసుకుని దాన్ని మనసులో వేసుకోవడం అతను చూశాడు. అది చూస్తుండగానే అతనికి ఒక పాడు బుద్ధి పుట్టింది.

ఆ గురువారం వాన. రేకుల మీద దడదడమంటుంటే జనం దగ్గర దగ్గరగా జరిగి కూర్చున్నారు. ఎలియోదోరో బైబిల్ మొదటి పేజీల దగ్గర తెరిచాడు.

"పట్నం నుంచి ఫాదర్ కబురు పంపాడు. అంజూరపు చెట్టు వద్దంట. కయీను, ఏబెలు చదవమన్నాడు."

ఫాదర్ కబురేమీ పంపలేదు. వారమంతా అంజూరపు చెట్టు నమిలిన మనిషికి అప్పటికప్పుడు కయీను ఎలా కొరుకుడు పడతాడో చూద్దామని అతని ఎత్తు. తన నోటుబుక్కులో మాత్రం కయీనుకు ఒకటిన్నర పేజీ అర్థం సిద్ధంగా ఉంది.

చదివాడు. పంట పండించే అన్న కయీను తన పంట తెచ్చాడు. గొర్రెలు కాచే తమ్ముడు ఏబెలు గొర్రెపిల్లను తెచ్చాడు. దేవుడు తమ్ముడు తెచ్చింది చూశాడు, అన్న తెచ్చింది చూడలేదు. ఎందుకో అక్కడ చెప్పలేదు. ఆ కోపంతో అన్న తమ్ముణ్ణి పొలంలో చంపేశాడు.

"దోన్యా ఉబాల్దీనా, ముందు మీరే చెప్పండి," అన్నాడు మర్యాదగా. ఎప్పుడూ ఆమెను చివర పిలిచేవాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. "నాకు తెలీదయ్యా. కయీనుని చూస్తే జాలేస్తోంది, అంతే."

ఎలియోదోరో లోపల పండగ అప్పుడే మొదలైపోయింది. వేలు తడిచేసుకుని, నోటుబుక్కు తిప్పి, గొంతు పెంచి చదివాడు. "కయీను మంచి గింజలు తన కోసం దాచుకుని, పుచ్చువి దేవుడికి తెచ్చాడు."

"ఆగవయ్యా," అన్నాడు తిబూర్సియో. "పుచ్చువని ఎక్కడుంది?"

"ఇక్కడ, నా..."

"నీ బుక్కులో కాదు. ఆ బుక్కులో చూపించు. నేను నలభై ఏళ్లుగా మొదటి కంకే తెచ్చి ఇక్కడ పెడతాను. అయినా పోయినేడు వడగళ్లు నా చేలోనే పడ్డాయి. గట్టు అవతల పడలా. అంటే నావి పుచ్చువనా?"

అక్కడున్నవాళ్లంతా మొక్కజొన్న వేసేవాళ్లే. గొర్రెలున్నవాడు ఒక్కడూ లేడు. అందరూ ఒక్కసారిగా కయీను పక్షం చేరిపోయారు. "అదీ నిజమే," "మా వాడు కూడా ఏడాదంతా కూలి చేసి ఒట్టి చేతుల్తో తిరిగొచ్చాడు," "మళ్లీ చదవండి దోన్ ఎలియో, కంగారు లేకుండా చదవండి."

మళ్లీ చదవక తప్పలేదు. ఈసారి గబగబా దాటిపోకుండా వేలితో ఒక్కో మాటా తడుముకుంటూ వచ్చాడు. దేవుడు కయీనును అడుగుతున్నాడు. నీకెందుకింత కోపం? మొహం ఎందుకలా దించేసుకున్నావు? పాపం నీ తలుపు దగ్గరే పొంచి కూర్చుంది, అది నిన్ను మింగాలని చూస్తోంది, దాన్ని నువ్వే లొంగదీసుకోవాలి.

వేలు అక్కడే ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అతని చేయి దానంతటదే మొహం మీదికి వెళ్లింది. సిగ్గేసింది. ఏడవాలనిపించింది.

"ఏంటయ్యా, అక్షరాలు కనబడట్లేదా?" అన్నాడు తిబూర్సియో.

ఎలియోదోరో నోటుబుక్కు మూసేశాడు. "ఆయన ఎందుకు చూడలేదో నాకు తెలీదు తాతా. ఇందులో రాసుకున్నది కూడా ఎవరో ఊహించి చెప్పిందే. కానీ ఒకటి చూడండి. ఈ కథ మొత్తంలో దేవుడు ఏబెలుతో ఒక్క మాట కూడా ఆడలేదు. మాట్లాడిందంతా కయీనుతోనే. ఇంకా ఏ తప్పూ జరక్కముందే వచ్చి, ఏమైందిరా నీకు అని అడిగాడు. కుళ్లు మొహంతో కూర్చున్నవాడి పక్కన వచ్చి కూర్చున్నాడు." నోటుబుక్కు పక్కన పెట్టేశాడు. "వాడేమో జవాబు చెప్పలేదు. నేను చెప్తాను. ఫాదర్ కబురేం పంపలేదు. దోన్యా ఉబాల్దీనా నోరు మూయించాలని నేనే వాక్యం మార్చాను."

అందరూ ఉబాల్దీనా వైపు చూశారు.

"అయితే," అందామె నెమ్మదిగా, "వారమంతా ఆ అంజూరపు చెట్టుతో నేను చచ్చింది ఊరికేనా? రెండుసార్లు రొట్టెలు మాడిపోయాయయ్యా దాని వల్ల!"

తిబూర్సియో ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక పండగ సంగతి వచ్చింది. ఎలియోదోరో తనే నోరు తెరిచాడు. పన్ను పీకించుకుంటున్నంత బాధగా ఉంది.

"చెట్టు సంగతి ఆవిడ పండగ రోజు చెప్తుంది. నేను చదివిపెడతాను."

చర్చికి తాళం వేసి కొండ దిగుతుంటే, ముందు నడుస్తున్న ఇద్దరాడవాళ్ల మాటలు వానలోంచి వినపడ్డాయి.

"ఎలియో ఇవాళ ఎంత బాగా చెప్పాడే! పందొమ్మిదేళ్లలో అతను చెప్తుంటే నాకు నిద్ర రానిది ఇవాళే."

"ఎందుకు చెప్పడూ? రెండేళ్లుగా ఉబాల్దీనా మాటలు వింటున్నాడుగా. ఆ మాత్రం అబ్బదా?"

భగ్గుమంది లోపల. ఇప్పుడే కదా అందరి ముందూ కడిగేసుకున్నాను, ఇంతలోనే మళ్లీ ఎక్కణ్ణుంచి వచ్చిందిది? జీవితంలో తన సొంతంగా చెప్పిన ఒకే ఒక్క మాట, అది కూడా ఆవిడ ఖాతాలోనే పడిందే! ఆ మంటతోనే ఇంటి దాకా నడిచి, గడప దగ్గర ఆగిపోయాడు.

పొయ్యి దగ్గర్నుంచి కసిమీరా తలెత్తింది. "మొహం ఎందుకలా వేలాడేశావు?"

ఏం లేదని నోటి దాకా వచ్చింది. మింగేశాడు.

"ఉబాల్దీనా అంటే నాకు కుళ్లు," అన్నాడు.

"ఆ సంగతి ఊరందరికీ తెలుసు," అంది కసిమీరా కంచం కడుగుతూ. "నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నాం. తలుపు దగ్గర నిలబడకు, లోపలికి రా."